గాజు ట్యూబేనా?

రాత్రి రెండింటికి పీహెచ్‌సీ నుంచి ఫోన్. పొలానికి నీళ్లు పెట్టబోయిన రైతును కాలి మీద పాము కాటేసింది. ఏ పామో ఎవరూ చూడలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏరియా ఆసుపత్రి సీనియర్‌ని సలహా అడుగుతోంది. రిఫరల్ చీటీ లేదు, ఫీజు లేదు, మాట్లాడేది రెండు నిమిషాలు. డాక్టర్ల మధ్య రోజూ నడిచే ఇలాంటి మాటల్లోని పనితనం విడదీసి చూస్తేనే తెలుస్తుంది.

మొదటిది, అడిగే తీరు. "నలభై ఏళ్లుంటాయి సార్. కరిచి గంటన్నర. వాపు కొంచెమే, బీపీ బాగుంది. 20 నిమిషాల టెస్టులో రక్తం గడ్డకట్టలేదు. ఏఎస్‌వీ మొదలుపెట్టమంటారా?" వయసు, సమయం, ఒంటి తీరు, పరీక్ష, చివర తేల్చాల్సిన ఒకే ఒక్క ప్రశ్న: పాము విషానికి విరుగుడైన ఏఎస్‌వీ ఇవ్వాలా వద్దా.

రెండోది, ఎదురు ప్రశ్న. "గాజు ట్యూబేనా అమ్మా?"

నరంలోంచి తీసిన 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తపింజరి విషం ఎక్కితే రక్తం నీళ్లలా జారుతుంది. అయితే ఈ పరీక్షలో గడ్డకట్టడానికి ప్రేరణ ఇచ్చేది గాజు గోడే. ప్లాస్టిక్ ట్యూబైనా, సబ్బుతో కడిగిన గాజైనా, విషం లేని రక్తం కూడా జారిపోవచ్చు. అందుకే ఆయన ముందు పరికరాన్ని అనుమానించాడు.

"ప్లాస్టిక్‌దే సార్."

మూడోది, జవాబు. రోగిని తాను చూడలేదు కనుక షరతులతోనే చెప్పాడు. "గాజులో మళ్లీ పెట్టు. ఈలోగా రెప్పలు వాలినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా టెస్టు కోసం ఆగకు, ఏఎస్‌వీ మొదలుపెట్టెయ్. అడ్రినలిన్ దగ్గర పెట్టుకో." కట్లపాము, నాగుపాము విషం నరాలను పడుతుంది. రక్తం మామూలుగానే గడ్డకడుతుంది కాబట్టి ట్యూబు చెప్పనిది రెప్పలే చెప్పాలి. ఇక గుర్రాల రక్తం నుంచి తయారయ్యే ఏఎస్‌వీ కొందరికి పడదు, ప్రాణం మీదికి తెస్తుంది. అడ్రినలిన్ అందుకే.

నాలుగోది, అప్పగింత. విన్నదంతా ఆమె తిరిగి చెప్పి, కేస్‌షీట్‌లో రాసి సంతకం పెట్టింది. సలహా ఆయనది, నిర్ణయం తనది.

ఇరవై నిమిషాల తర్వాత ట్యూబు వంచింది. రక్తం కదల్లేదు.

"కట్టింది సార్."

"మంచిది. అరగంటకోసారి మళ్లీ చూస్తూ ఉండు. 24 గంటల దాకా ఇంటికి పంపకు."