గోపురపుటంచు – గళ్ళ లెక్క

నారాయణపేట చీర అంచున వరుసదీరిన గోపురములు మగ్గముపై పుట్టునప్పుడే మెట్లుమెట్లుగా పుట్టును. పడుగు పేకల కలయికయే వానికి కొలమానము గనుక నేతగాని చేతిలో అరపోగు అనునది లేదు. 2012లో భౌగోళిక గుర్తింపు నందిన ఈ చీరల అంచులను ఛాయాచిత్రములుగా తీసి, కంప్యూటరుపై వాని ఆకృతులను కొలుచుట నాకు కొంతకాలముగా వ్యాసంగమైనది.

ఆకృతిలోని ప్రతి పిక్సెలునందును, అచటినుండి మిక్కిలి దగ్గరి ఒడ్డునకు గల దూరమును వ్రాసియుంచిన దానిని దూరపటమందురు; నా కొలతకు అదియే ఆధారము. అంకెలు పరాకాష్ఠ నందుకొను చోటు ఆకృతికి నడుమ. ఆ అంకెను రెట్టించిన వెడల్పు. 1966లో రోజెన్‌ఫెల్డ్, ఫాల్ట్జ్ ప్రకటించిన పద్ధతి ననుసరించి అడ్డముగను నిలువుగను మాత్రమే నడచినచో, మూలకు 1.41కి మారు 2 వచ్చును. డానియెల్సన్ 1980లో యూక్లిడు దూరమునకు మిక్కిలి చేరువయైన మార్గమును చూపెను. 1986లో బోర్గెఫోర్స్ అను విదుషి తిన్నని అడుగునకు 3, మూల అడుగునకు 4 వెలగట్టి, పూర్ణాంకములతోనే ఆ మూల విలువను 1.33కు తెచ్చెను.

లెక్క చక్కబడినను పిక్సెళ్ళను గళ్ళ దోషము మిగిలియే యుండును. అంచులోని గీత యొకటి చిత్రమున సరిగా నాలుగు పిక్సెళ్ళ వెడల్పు ఉన్నదనుకొందము. పిక్సెళ్ళ నడిబిందువులనుండి ఒడ్డునకు దూరములు 0.5, 1.5, 1.5, 0.5; పెద్దదానిని రెట్టించిన 3. అయిదు పిక్సెళ్ళ గీతకైనచో పెద్దది 2.5, వెడల్పు నిక్కముగా 5. ఒక్క పిక్సెలు భేదము గల గీతలు లెక్కలో రెండు పిక్సెళ్ళ భేదమును చూపుటకు కారణము, మొదటి గీత నడుమ రెండు పిక్సెళ్ళ సరిహద్దుపై పడుటయు, అచట అంకె నిలుచుటకు చోటు లేకుండుటయు. గళ్ళను రెట్టింపు సన్నము చేసినచో 3 కాస్తా 3.5 అగును, దోషము సగమగునే గాని తొలగదు. ఒడ్డు పిక్సెలు ఎంతమేర నిండెనో దాని ఛాయనుబట్టి గ్రహించు ఉపాయమును గుస్టావ్‌సన్, స్ట్రాండ్ 2011లో తెలిపిరి. అది ఒడ్డునకు మందేగాని నడుమకు కాదు.

అందుచే నేను ఒకే అంచును కొంచెము జరిపియు, కొంచెము తిప్పియు పలుమారులు చిత్రించి, వెడల్పు ఎంత చెదరుచున్నదో ముందుగా చూతును. ఆ చెదరు కెమెరా గళ్ళది, నేతది కాదు. రెండు గోపురములు సమానముగా లేవని నేతగానిని తప్పుపట్టదలచినవాడు, తన గళ్ళ తప్పు ఆ భేదముకంటె చిన్నదని మొదట నిరూపింపవలెను.