మాహిష్మతి పునాదిలో బానిస

పురాణాలలో మాహిష్మతి నర్మదాతీర నగరం, కార్తవీర్యార్జునుని రాజధాని. ఫిల్మ్ నగర్ ఆ పేరును మాత్రం తీసుకొని, 2015లోనూ 2017లోనూ రెండు భాగాలుగా వచ్చిన ‘బాహుబలి’లో వేరొక రాజ్యాన్ని సృష్టించింది. దాని పూర్వచరిత్రగా మనకు చెప్పినదేమిటి? చెయ్యి అవిటిదన్న కారణాన అన్న బిజ్జలదేవునికి సింహాసనం దక్కలేదు. రాజైన తమ్ముడు మరణించాడు. పసివాళ్ళిద్దరినీ పెంచుతూ శివగామి రాజ్యమేలింది. అంతా దాయాదుల తగాదా! పొలం దున్నినవాడెవడో, కోట కట్టినవాడెవడో తెలియదు.

అయితే కథకుడు విజయేంద్రప్రసాద్ ఒకచోట, బహుశా తలపెట్టకుండానే, అసలు పునాదిని బయటపెట్టారు. అది కట్టప్ప. పూర్వులు సింహాసనానికిచ్చిన మాటవల్ల అతడు పుట్టుబానిస. అస్లంఖాన్ స్వేచ్ఛ ఇప్పిస్తానంటే వద్దంటాడు. హాలులో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తాత ఇచ్చిన మాట మనుమడికి సంకెల కావడాన్ని ధర్మమని ఒప్పుకున్నామన్నమాట.

ఆనంద్ నీలకంఠన్ 2017లో ఇంగ్లీషులో రాసిన పూర్వకథా నవలలో కట్టప్పకు శివప్ప అనే తమ్ముడున్నాడు. వాడు ఈ దాస్యాన్ని ఒప్పుకోడు. తెరమీది మాహిష్మతిలో అలాంటివాడు ఒక్కడూ కనపడడు. భల్లాలదేవుని విగ్రహాన్ని మోకులతో లేపే కూలీలున్నారు, బలమైన ఘట్టమే. కాని విగ్రహం ఒరిగినప్పుడు నిలిపేది వారసుని చెయ్యి. అతని ముఖం గుర్తుపట్టి జేజేలు పలకడమే కూలీల వంతు.

ఇలాంటి కోటలను నిజంగా కట్టేవాళ్ళలో ఎందరో ఫిల్మ్ నగర్‌కు దగ్గరలోని కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఉంటారు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతనాల పెంపు కోరి పని ఆపారు. షూటింగులు ఆగిపోయాయి.