‘మాక్సిమం బూస్ట్’: ఒక గ్రంథ విమర్శ

హైదరాబాదులోని సుల్తాన్ బజారుకు తెలుగు పుస్తకంతో పాత స్నేహం ఉన్నది. 1901 లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అక్కడే ఉన్నది. 1906 లో ఈ నగరంలోనే పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి, శాస్త్ర విషయాలను తెలుగులో చెప్పవచ్చునని నిరూపించినది. భాషానిలయానికి కొద్ది దూరంలో, కోఠి కాలిబాటల మీద పాత పుస్తకాలు రాసులుగా పోసి అమ్ముతారు. అట్టి రాశిలో మోటారు కారు బొమ్మ గల పుస్తకం కనబడితే బడి పిల్లవాడు దానిమీద చేయి వేయుట సహజమే. ఈ జాతి పుస్తకాలలో పేరు పొందినది కార్కీ బెల్ అను అమెరికా ఇంజనీరు ఇంగ్లీషులో వ్రాసిన ‘మాక్సిమం బూస్ట్’. ఇది 1997 లో వెలువడినది. కారు ఇంజనుకు టర్బోఛార్జరును ఎట్లు ఎంచుకొనవలెనో, ఎట్లు అమర్చవలెనో, ఎట్లు పరీక్షించవలెనో చెప్పుట దీని ఉద్దేశం. ఇంజను మార్చి దాని బలం పెంచదలచిన ఔత్సాహికులు దీనిని చేతిపుస్తకంగా వాడుతూ వచ్చారు. ఇది విద్యార్థి చేతికి ఈయదగినదేనా? ఈయదగినచో ఉపాధ్యాయుడు దానికి ఏమి చేర్చి చెప్పవలెను?

గ్రంథానికి మొదటి శత్రువు దాని పేరే. ‘బూస్ట్’ అనగా టర్బోఛార్జరు సాధారణ వాతావరణ పీడనానికి పైగా చేర్చే పీడనం. ‘మాక్సిమం’ అనగా గరిష్ఠం. పేరు చూచిన కుర్రవాడు, పీడనం ఎంత పెంచితే బలం అంత పెరుగునని అనుకొంటాడు. కాని లోపల ఉన్న పాఠం దీనికి దాదాపు విరుద్ధమైనది. పుస్తకంలోని మంచి అధ్యాయాలన్నీ హద్దులను గూర్చినవే.

టర్బోఛార్జరు సంగతి క్లుప్తంగా చూద్దాం. ఇంజను నుండి బయటకు పోయే వేడి వాయువులలో ఇంకను కొంత శక్తి మిగిలి ఉంటుంది. ఆ వాయువులు ఒక చిన్న టర్బైను చక్రాన్ని త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొనలో ఉన్న సంపీడక చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపును. గాలి ఎక్కువైతే దానికి తగినంత ఇంధనం ఎక్కువగా మండించవచ్చును. స్విట్జర్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905 లోనే ఈ ఊహకు పేటెంటు పొందినాడు. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే: ఇంజనుకు కావలసినది గాలి పీడనం కాదు, గాలి ద్రవ్యరాశి. ఈ భేదాన్ని బెల్ మొదటి నుండి పట్టుకొని విడువడు. అదే ఆయన ఘనత.

ఈ భేదాన్ని మన ఊరి లెక్కలో పెట్టి చూచిన మరింత తేటపడును. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. కాబట్టి ఇక్కడి వాతావరణ పీడనం సుమారు 0.95 బార్. బూస్టు మీటరు 0.7 బార్ చూపుతున్నదనుకొందాం. అప్పుడు మొత్తం పీడనం 1.65 బార్, పీడన నిష్పత్తి సుమారు 1.74. అంటే గాలి 74 శాతం ఎక్కువైనదా? కాలేదు. సైకిలు పంపు కొట్టిన ప్రతి పిల్లవానికి నొక్కిన గాలి వేడెక్కునని తెలుసును. వేసవిలో 40 డిగ్రీల గాలిని 70 శాతం దక్షత గల సంపీడకం ఈ నిష్పత్తికి నొక్కితే, దాని ఉష్ణోగ్రత సుమారు 117 డిగ్రీలకు చేరును. వేడెక్కిన గాలి వ్యాకోచించును గనుక సాంద్రత నిజంగా పెరిగేది 40 శాతం మాత్రమే. ఈ గాలిని ఇంటర్‌కూలర్ గుండా పంపి, పెరిగిన వేడిలో నూటికి 70 వంతులు తీసివేస్తే ఉష్ణోగ్రత సుమారు 63 డిగ్రీలకు దిగును. మార్గంలో పీడన నష్టాన్ని లెక్కించనిచో, సాంద్రత 62 శాతం వరకు పెరిగినట్లగును. మీటరు ముల్లు ఉన్నచోటనే ఉన్నది, గాలి మాత్రం పెరిగినది. ఇంటర్‌కూలరును అలంకారంగా గాక ఒక లెక్కగా నేర్పిన ఈ అధ్యాయాన్ని పదవ తరగతి దాటిన విద్యార్థికి నిశ్శంకగా చదివించవచ్చును.

రెండవ గుణం, ‘నాకింగ్’ను ఆయన ప్రధాన శత్రువుగా ఎంచుట. స్పార్కుతో అంటుకొన్న జ్వాల తన వద్దకు చేరకముందే, సిలిండరులో మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తాను భగ్గుమనుటయే నాకింగ్. అది పిస్టన్లను పగులగొట్టగలదు. 1962 లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారు ఇందుకు పాత సాక్షి. దాని సంపీడన నిష్పత్తి 10.25. అంత నిష్పత్తిపై టర్బో పెట్టినందున, నాకింగును ఆపుటకు నీరు, ఆల్కహాలు కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేయవలసి వచ్చినది. ఆ ద్రవం ఎప్పటికప్పుడు నింపుట యజమాని బాధ్యత. బలానికి అయిన ఖర్చు ఎక్కడో ఒకచోట చెల్లించక తప్పదు.

ఇక దోషాలు. మొదటిది కొలతలు. 1956 నాటి చట్టంతో మన దేశం మెట్రిక్ కొలతల దారి పట్టినది. ఈ పుస్తకం పౌండ్లలో, అంగుళాలలో, ఫారన్‌హీటులో మాట్లాడును. కొలతలను మార్చుకొనవచ్చును గాని, పిల్లవాడు మార్చునప్పుడు ఒక పొరపాటు పొంచి ఉన్నది. మీటరు పీడనాన్ని మొత్తం పీడనంగాను, సెల్సియసు డిగ్రీలను కెల్విన్లుగాను తీసుకొంటే పై లెక్క అంతా తలక్రిందులగును.

రెండవది ఇంకను ప్రమాదకరమైనది: ఆక్టేను సంఖ్య. అమెరికాలో బంకు మీద వ్రాసే సంఖ్య రెండు పరీక్షల ఫలితాల సగటు. మన దేశంలో చెప్పేది వానిలో ఒకటైన ‘రిసెర్చి’ సంఖ్య. అమెరికా వారి 91, మన లెక్కలో సుమారు 95 లేక 96 అగును. అమెరికా పుస్తకంలోని సంఖ్యను చూచి, రిసెర్చి లెక్కలో 91 గల పెట్రోలు పోసి, అదే స్పార్కు సమయాన్ని, అదే బూస్టును పెట్టిన వాడు నాకింగును చేజేతులా పిలిచినట్లే. ఇథనాలు సంగతి కూడ చేర్చవలెను. 2025 నాటికి మన పెట్రోలులో సుమారు 20 శాతం ఇథనాలు కలిసినది. శుద్ధ పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు 9 కిలోలు చాలును. కాబట్టి ఈ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు సరిపోవును. అంతే గాలికి ఇంధనం ఎక్కువ కావలెనన్నమాట. పాత పట్టికలను గుడ్డిగా అనుసరిస్తే మిశ్రమం పలుచనై, దహనం వేడెక్కును. ఇది గ్రంథకర్త తప్పు కాదు, కాలభేదం, దేశభేదం. అయినను నష్టపోయేది చదివిన వాని ఇంజనే.

పాత ఇంజను తీసి కొత్తది పెట్టదలచిన వానికి పుస్తకమంతా చదివిన తరువాత కూడ ఒక ప్రశ్న మిగులును: పాతది ఎందుకు పోయినది? ఒక ఇంజెక్టరు మూసుకొని, ఆ సిలిండరులో ఇంధనం తక్కువై, పిస్టను కరిగినదనుకొందాం. అదే ఇంజెక్టరును కొత్త ఇంజనుకు బిగిస్తే కథ మొదటికి వచ్చును. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో ఇరుసు పలుచని నూనె పొరపై ఆధారపడి ఉంటుంది. నూనె దారిలో మడ్డి చేరితే ఇరుసు అరుగును. అరిగిన లోహపు రజను ఇంటర్‌కూలరులో నిలిచి, తరువాత కొత్త ఇంజనులోకి పోవును. కాబట్టి మార్చుట కన్న ముందు శోధించవలెను. పరీక్షలను గూర్చిన అధ్యాయంలో బెల్ ప్రతి భాగానికి ముందు, వెనుక పీడనాన్ని కొలువుమని చెప్పుట ఇక్కడ అక్కరకు వచ్చును. ఊహించవద్దు, కొలిచి చూడు అనునదే ఆ అధ్యాయ సారం.

బలం పెంచుట తగదని కాదు. మన కళ్ళ ముందు నడచిన మంచి ఉదాహరణ రైలు ఇంజనుది. 1962 లో అమెరికా నుండి మొదట దిగుమతి అయి, తరువాత వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిలు ఇంజను బలం 2600 అశ్వశక్తి. కాజీపేట, గుత్తి షెడ్లలో ఇట్టివి ఎన్నో ఉండేవి. తరువాత అదే పదహారు సిలిండర్ల ఇంజను నుండి 3100 అశ్వశక్తి తీశారు. దాని పేరు డబ్ల్యు.డి.ఎం.-3ఎ. అది ఒక్క బూస్టును పెంచి సాధించినది కాదు. మంచి టర్బోఛార్జరు, పెద్ద కూలరు, పెద్ద ఇంధన పంపులు, గట్టి కామ్‌షాఫ్టు, ఇవన్నీ కలిసి మారినవి. ఒక్క మీటతో బలం తెచ్చెదమని చెప్పే వారిని ఈ కొలబద్దతో కొలవవచ్చును.

ఇక 1997 నాటి అమెరికా గ్రంథంలో ఉండనిది మన చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52 వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దీనిని ధ్రువపరచినది. ఇంజను మారినపుడు దాని నంబరు రిజిస్ట్రేషను పత్రంతో సరిపడవలెను గనుక అధికారుల అనుమతి తప్పదు. బలం పెరిగిన కారుకు బ్రేకులు పాతవే అయితే, చిక్కడపల్లి సందులో రోడ్డు దాటే వారికి ఆ బలం ఏమి మేలు చేయును?

మొత్తం మీద ‘మాక్సిమం బూస్ట్’ భౌతికశాస్త్రాన్ని గౌరవించిన పుస్తకం. సాంద్రత, ఉష్ణం, కొలత అను మూడు మాటలను అది విడువలేదు. దీనిని విద్యార్థికి ఈయవచ్చును, కాని ఒంటరిగా ఈయరాదు. ఉపాధ్యాయుడు పై లెక్కను నల్లబల్ల మీద వేసి, ఒకమారు హైదరాబాదుకు, ఒకమారు విశాఖపట్నానికి చేయించవలెను. సముద్రతీరాన వాతావరణ పీడనం ఎక్కువ గనుక అదే 0.7 బార్‌కు పీడన నిష్పత్తి తగ్గునని పిల్లవాడు తానే కనుగొనును. ఆ తరువాత అతనికి పుస్తకం పేరులోని ‘గరిష్ఠం’ కన్న, లోపలి పుటలలోని హద్దులే ఎక్కువ ఆసక్తిగా కనబడును.