పిండి ఎక్కడుందో చెప్పే నీలిరంగు

బంగాళాదుంపను కోసి, కోసిన వైపు బ్లేడుతో సున్నితంగా గీరి, వచ్చిన తడిని గాజు స్లైడు మీద నీటిచుక్కలో కలపండి. మైక్రోస్కోపులో కోడిగుడ్డు ఆకారపు రేణువులు కనిపిస్తాయి. వెలుతురు కాస్త తగ్గిస్తే ఒక్కో రేణువులో ఓ కొసకు దగ్గరగా చిన్న చుక్క, దాని చుట్టూ ఆల్చిప్ప మీది గీతల్లా వలయాలు తేలతాయి. ఇప్పుడు కవర్‌స్లిప్పుకు ఒక అంచున పలచటి అయోడిన్ చుక్క పెట్టి, రెండో అంచుకు అద్దుడు కాగితం ఆనించాలి. కాగితం నీటిని పీల్చుకునే కొద్దీ అయోడిన్ లోపలికి పాకుతుంది. అది తాకిన రేణువు మొదట లేత ఊదా, తర్వాత నీలం, ఆపైన నలుపు. ముందే రంగు వేసి పెట్టిన స్లైడు మాత్రమే చూసినవారికి ఈ విద్యలో సగమే అందినట్టు.

నేర్పంతా అయోడిన్‌ను పలచన చేయడంలోనే ఉంది. ఉత్త నీటిలో అది సరిగా కరగదు, పొటాషియం అయోడైడ్ కలపాలి. చిక్కగా వేస్తే రేణువులు నల్లటి మచ్చలైపోయి వలయాలు కనబడవు. స్లైడు వేడెక్కినా నీలం వెలిసిపోతుంది, చల్లారాక మళ్లీ వస్తుంది. కారణం పిండి నిర్మాణంలో ఉంది. పిండిలోని అమైలోజ్ గొలుసు మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల బోలులో అయోడిన్ కుదురుకున్నప్పుడే ముదురు నీలం పుడుతుంది. కొమ్మలు కొమ్మలుగా చీలే అమైలోపెక్టిన్‌తో ఎర్రటి ఛాయే వస్తుంది. అమైలోజ్ దాదాపు లేని జిగురు బియ్యం అందుకే నీలంగా కాక ఎరుపు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది.

1811లో ఫ్రాన్స్‌లో కూర్త్వా సముద్రపు నాచు బూడిద నుంచి అయోడిన్‌ను కనుగొన్నాడు. మరో మూడేళ్లకే పిండితో అది నీలమవుతుందని తేలింది. కానీ ఆ కాలపు రసాయనవేత్తలు మొక్కను దంచి, ఉడికించి, వడగట్టి పరీక్షించేవారు. ఏముందో తెలిసేది, ఎక్కడుందో తెలిసేది కాదు. 1825లో ఫ్రాన్స్వా రాస్పేల్ ఆ పరీక్షను మైక్రోస్కోపు కిందికి తెచ్చి, మొక్క ముక్కలోనే పిండి చోటును చూపించాడు. రిపబ్లికన్ రాజకీయాల వల్ల జైళ్లు చూసిన ఈయన పేరు పారిస్‌లో ఓ పెద్ద వీధికి పెట్టారు. కణజాల రసాయనశాస్త్రానికి దారి వేసినవాడిగా మన పాఠ్యపుస్తకాల్లోనూ ఆయనకు చోటుండాలి.

ఆ ‘ఎక్కడ’ అన్న ప్రశ్న నుంచే ఎన్నో సంగతులు బయటపడ్డాయి. 1860లలో జర్మనీలో జూలియస్ సాక్స్, వెలుతురు తగిలిన ఆకులో పత్రహరిత రేణువుల్లోనే పిండి తయారవుతుందని చూపించాడు. మన బళ్లలో ఆకుకు నల్లకాగితం చుట్టి చేసే ప్రయోగం ఆ దారిలోదే. వేరు కొసన కణాల్లో పిండి రేణువులు ఎప్పుడూ అడుగుకు చేరి ఉంటాయి. వేరును అడ్డంగా పడుకోబెడితే అవి కొత్త అడుగుకు జారతాయి. కింద ఎటో వేరుకు తెలిసేది ముఖ్యంగా వాటి వల్లే.

అయితే అయోడిన్ ఒక్కటే అన్నీ చెప్పదు. ఏ మొక్క పిండో తేల్చాలంటే రూపం చూడాలి. బియ్యపు రేణువులు బాగా చిన్నవి, కోణాలు తేలి గుంపులుగా ఉంటాయి. గోధుమలో బిళ్లల్లాంటి పెద్దవీ, గుండ్రటి చిన్నవీ కలిసి కనిపిస్తాయి. 1850లలో లండన్‌లో ఆర్థర్ హసాల్ అనే వైద్యుడు ఇలా రూపాలు చూసే ఆరోరూట్‌లో కలిపిన బంగాళాదుంప పిండిని పట్టుకున్నాడు.

మన దగ్గర ఇది నేర్పడానికి అరటిని మించినది లేదు. కూర అరటికాయ కణాల్లో పొడవాటి రేణువులు కిక్కిరిసి ఉంటాయి. కాయ మగ్గే కొద్దీ ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, నీలం తగ్గుతూ వస్తుంది. మచ్చలు పడ్డ పండులో చాలా కణాలు ఖాళీగా కనిపిస్తాయి. జూనియర్ కాలేజీ అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: ఒకే గెల నుంచి పచ్చికాయ, దోరకాయ, మాగిన పండు తెప్పించి, రంగు మీరు వేయకుండా పిల్లల చేతే వేయించండి.