అవధానుల ధారణ, గృహస్థుల జ్ఞాపకము

ప్రత్తిపాడు చుట్టునుగల నల్లరేగడి చేలలో ప్రత్తితీత ముమ్మరముగా సాగు దినములలో, ప్రొద్దు వాలువేళ గట్టుమీద కాటా వ్రేలాడదీసి కూలీల మూటలను తూచు మేస్త్రీ, ఒక్కొక్క తూకమును బిగ్గరగా పలికి, ఆ మనిషిచేతనే దానిని మరల పలికించి, ఆ పిమ్మటనే రెండవ మూటను అందుకొనును. రాత్రి రైతుయొద్ద కూర్చుండి, ఎవరెన్ని కిలోలు తీసిరో కాగితము తెరువకయే వరుసగా ఒప్పజెప్పును. ఈ మేస్త్రీ పనికిని, పండితసభలో అష్టావధాని చేయు పనికిని మూలమొక్కటియే యని నా నమ్మకము. జ్ఞాపకముంచుకొనుట తిరిగి చెప్పవలసిన క్షణమున మొదలగునది కాదు. వినుచున్న క్షణముననే అందులో సగము పని ముగియవలయును.

అవధానవిద్య ఈ సీమకు పరాయిది కాదు. నరసరావుపేట దాపుననున్న కొప్పరమున 1885లో వేంకటసుబ్బరాయకవియు, 1887లో వేంకటరమణకవియు జన్మించి, కొప్పరపు కవులను పేర శతావధానములచేతను ఆశుకవిత్వముచేతను ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూగించిరి. వారికిని తిరుపతి వేంకటకవులకును నడచిన స్పర్ధను గూర్చి సాహిత్యప్రియులు నేటికిని చెప్పుకొందురు. ఆ స్పర్ధకంటె ఆ విద్యయొక్క నిర్మాణమే నన్ను ఎక్కువగా ఆకర్షించును.

అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుకొని కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, వేరొకరు అడుగడుగునను అక్షరములను నిషేధించుచుందురు. అప్రస్తుత ప్రసంగము చేయువారు నడుమనడుమ దారి తప్పింపజూతురు. గంట మ్రోగినచో ఆ మ్రోతలను సయితము లెక్కింపవలయును. అవధాని ఒకరి పద్యమును ఒక్కసారిగా ముగింపడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పి, మరల మొదటివానియొద్దకు వచ్చి రెండవ పాదము నెత్తుకొనును. ఇట్లు నాలుగావృత్తులు తిరిగి, కడపట పద్యములన్నిటిని ఏకధాటిగా అప్పగించును. అదియే ధారణ. ప్రతి పద్యమును విడుచుచు, వేరుపనిలో మునిగి, మరల తడవుకొనుచుండుటచేత అది నాటుకొనుచున్నది. ఒక్క రాత్రి కూర్చుండి నలుబది మారులు వల్లెవేయుటకంటె నాలుగుదినములు పదేసిమార్లు చదువుట మేలగుటకు కారణమిదియే. చిత్రమేమనగా, సుబ్బరాయకవి పుట్టిన 1885లోనే జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు, అర్థములేని అక్షరసంపుటములను తానే కంఠస్థము చేసి పరీక్షించుకొని, ఎడమిచ్చి చదివినది ఎక్కువ నిలుచుననియు, అర్థముగల పద్యమునకు అర్థరహితమైన అక్షరములకు పట్టు శ్రమలో పదియవ వంతు చాలుననియు ప్రకటించెను.

అర్థమొక ఆలంబనము కాగా, ఛందస్సు రెండవది. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు. మొదటి యక్షరమునకు పదవ యక్షరమున యతి చెల్లవలయును. నాలుగు పాదములలోను రెండవ యక్షరమొక్కటియే ప్రాసగా నిలువవలయును. కావున ఒక అక్షరము జారినచో, అది ఎక్కడ జారినదో, అక్కడ ఏ జాతి యక్షరముండవలయునో పద్యమే తెలుపును. ఆ ఛందస్సును జ్ఞాపకముంచుకొనుటకు పూర్వులు చేసిన ఉపాయము మరియు ముచ్చటైనది. ‘యమాతారాజభానసలగం’ అను పది యక్షరములను కంఠస్థము చేసినవానికి ఎనిమిది గణములును చేతికందును. యగణము కావలసినచో ‘య’తో మొదలిడి మూడక్షరములు చదువుట: ‘యమాతా’, అనగా లఘువు, గురువు, గురువు. రగణమునకు ‘రాజభా’: గురువు, లఘువు, గురువు. తక్కినవియు నట్లే.

ఈ యుపాయమును పండితులకే విడిచిపెట్టుట అన్యాయము. గుంటూరు పోవు రైతు చేనికి మందు, మంచమునకు నవారు, గోడలకు సున్నము తేవలయుననుకొందము. తొలి యక్షరములను కూర్చిన ‘మనసు’ అగును. బస్సు దిగిన పిమ్మట ఆ యొక్క మాట చాలును. అంకెలకు భూతసంఖ్యలు కలవు. శాసనములలో శకవత్సరములను రాములు మూడు, వేదములు నాలుగు, బాణములు అయిదు, ఋతువులు ఆరు అను సంకేతములతో చెక్కించిరి. వానిని కుడినుండి ఎడమకు చదువుట శాసనపు మర్యాద. ఇంటివాడు ఎడమనుండియే చదువుకొనవచ్చును. పొలము సర్వే నంబరు 346 అయినచో రాముడు, వేదము, ఋతువు.

మనుష్యుల పేర్లు మఱచువారు మన పెద్దల అలవాటును చేపట్టవలయును. క్రొత్తవాడు కనబడగానే ఏ యూరు, ఇంటిపేరేమి, ఎవరి తాలూకు అని వారడుగుట ఉత్తకుతూహలము కాదు. ఒక్క పేరు ఊరుతోను, వంశముతోను, తెలిసిన మఱొకనితోను ముడివడినప్పుడు, ఒక ముడి ఊడినను తక్కినవి దానిని పట్టియుంచును. బడిపిల్లలకు ఎక్కములు కంఠస్థము చేయించువారును, ఒక మారు వరుసగాను, ఒక మారు క్రిందనుండి పైకిని, ఒక మారు నడుమ నెక్కడో అడిగియు చెప్పింపవలయును. వేదపాఠశాలలలో జట, ఘనపాఠములయందు పదములను ముందుకును వెనుకకును త్రిప్పి చదివించుట ఈ దృఢత్వము కొఱకే. ‘నీకు మతిమరుపు’ అని పిల్లవానిని దూషించుట మాత్రము క్రూరము; నేర్పనిదానిని వానినుండి ఆశించుచున్నాము.

చీటీ వ్రాసికొనుట తప్పు కాదు. అయితే దానిని మడిచి జేబులో నుంచి, అంగడి ముందు మొదట మనస్సునుండి చెప్పుకొని, తప్పిపోయినది ఏదో చూచుకొనుటకే విప్పవలయును. మఱునాడు ఆ తప్పినదానినే మొట్టమొదట తలచుకొనవలయును.