మహనీయుల దస్తూరీ: సేకరణ, పరిశీలన

ప్రముఖుల సంతకాలు, ఉత్తరాలు సేకరించే అలవాటు ఐరోపాలో పదహారో శతాబ్దం నాటిది. గురువుల చేత, మిత్రుల చేత నాలుగు మాటలు రాయించుకునేందుకు జర్మన్ విద్యార్థులు చిన్న పుస్తకాలు వెంట ఉంచుకునేవారు. పందొమ్మిదో శతాబ్దానికి అది పెద్ద వ్యాసంగంగా మారింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన 56 మంది చేవ్రాళ్లూ సంపాదించాలని అక్కడి సేకర్తలు పట్టుబట్టారు. ఆ 56 మందిలో బటన్ గ్విన్నెట్ 1777లోనే ద్వంద్వయుద్ధంలో గాయపడి మరణించాడు. ఆయన సంతకాలు దాదాపు యాభై మాత్రమే దొరికాయి కనుక, ఆయనకంటే ఎంతో పేరున్నవారి సంతకాలకు సైతం అంత ధర పలకదు.

అరుదుతనం ధరను పెంచుతుంది గానీ, అసలు విలువ ఉత్తరంలోని విషయానిది. స్వహస్తంతో రాసి సంతకం చేసిన ఉత్తరానిది మొదటి స్థానం. ఇతరులు రాయగా సంతకం మాత్రమే చేసినది దాని తరువాతిది. విడి సంతకం చివరిది. దేవుడి గురించి, మతం గురించి ఐన్‌స్టీన్ 1954లో ఎరిక్ గుట్కిండ్‌కు రాసిన ఉత్తరం 2018లో న్యూయార్క్ వేలంలో సుమారు 29 లక్షల డాలర్లకు పోయింది. వెనుకటి సేకర్తలు కొందరు సంతకం వరకే కత్తిరించి ఆల్బంలో అతికించుకున్నారు. దాంతో తేదీ, సందర్భం, ఎవరికి రాశారన్నదీ పోయాయి. చరిత్రకు అది తీరని నష్టం.

అసలుదో నకిలీదో తేల్చడమే ఈ విద్యలో కష్టమైన పని. మాచికాయ, అన్నభేది కలిపి చేసిన పాతకాలపు సిరా ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. పాత ఐరోపా కాగితం గుడ్డపేలికలతో చేసినది. కలపగుజ్జు కాగితం పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచే విస్తరించింది. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే నీటిముద్ర కూడా కాలాన్ని పట్టిస్తుంది. వీటన్నిటికంటే ముందు కావలసింది ఇంగితం. ఫ్రెంచి గణితవేత్త మిషెల్ షాల్, వ్రాన్-లుకాస్ అనే మోసగాడి దగ్గర వేలకొద్దీ ఉత్తరాలు కొన్నాడు. వాటిలో క్లియోపాత్రా రాసినవీ ఉన్నాయి, అదీ ఫ్రెంచిలో! 1870లో లుకాస్‌కు శిక్ష పడింది.

దస్తూరీ పోల్చడానికి తీసుకునే నమూనా నిస్సందేహంగా అసలుదై ఉండాలి. 1983లో ‘స్టెర్న్’ పత్రిక ప్రకటించిన హిట్లర్ డైరీల విషయంలో నిపుణులకిచ్చిన నమూనాల్లోనే కొన్ని ఆ డైరీలను రాసిన ఫోర్జరీకారుడు కొన్‌రాడ్ కుయావ్ సృష్టి. రాత సరిపోయిందన్నారు. చివరికి యుద్ధం తరువాతే వాడుకలోకి వచ్చిన, కాగితాన్ని తెల్లబరిచే రసాయనం గుట్టు బయటపెట్టింది.

ఒకే మనిషి రాత అన్నివేళలా ఒకేలా ఉండదు కూడా. గాంధీ కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత్తో రాసేవారు. ఆ తేడా తెలియనివారు అసలు ఉత్తరాన్నే అనుమానించవచ్చు. ఆటోగ్రాఫ్ అడిగినవారి దగ్గర ఆయన హరిజన నిధికి ఐదు రూపాయలు తీసుకునేవారు. అందువల్ల ఆ సంతకాలు ఎన్నో ఇళ్లకు చేరాయి.

ఇలాంటి కాగితం ఇంట్లో ఉన్నవారు దానికి సెల్లోటేపు అంటించకూడదు, లామినేషన్ చేయించకూడదు, ఎండ తగిలే గోడకు వేలాడదీయకూడదు. ఆమ్లంలేని కాగితపు కవరులో, చెమ్మ తగలనిచోట మడత విప్పి ఉంచాలి. ఎవరి ద్వారా ఎలా వచ్చిందో విడిగా రాసిపెట్టాలి. చారిత్రక, సాహిత్య, శాస్త్ర ప్రాధాన్యం ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు, పత్రాలు 1972 నాటి భారత చట్టం ప్రకారం పురావస్తువులే. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం.