వీధిబడి క్రమమును, నేటి పాఠప్రణాళికయు

ఏ గంటకు ఏ పాఠము, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు అని ముందే వ్రాసి ఉపాధ్యాయుని చేతికిచ్చు పద్ధతి నేడు మిక్కిలి ప్రశంసింపబడుచున్నది. 2021లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన నిపుణ్ భారత్, 2022లో తెలంగాణమున మొదలైన తొలిమెట్టు ఈ త్రోవలోనివే. ఇది యెల్ల క్రొత్తదని తలచువారు ఒక పాత నివేదికను చదువవలెను.

ఆలూరు 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆ జిల్లా కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో వీధిబడులనుగూర్చి మద్రాసు ప్రభుత్వమునకు వ్రాసిన నివేదిక మా యెదుట నున్నది. జిల్లాలో బడులు 533. అందు కన్నడమువి 235, తెలుగువి 226. చదువరులు 6,641 మంది. తెల్లవారగనే బడి తెరచెదరు. మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు. అటుపిమ్మట వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి హెచ్చు. పసివారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. వారికి పెద్ద పిల్లలు చెప్పుదురు. పెద్దవారికి పంతులు చెప్పును. చెప్పుటచే చెప్పినవాని చదువును గట్టిపడునని కాంబెల్ మెచ్చుకొనెను. మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమమున ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే అవలంబించి 1797లో లండనున పుస్తకము ప్రకటింపగా, ఇంగ్లండు బడులలో అది వ్యాపించినది.

1983లో ధర్మపాల్ తన గ్రంథమున ఈ నివేదికను మరల అచ్చువేసిన నాటినుండి మనవారు దీనిని గర్వముతో ఉదాహరించుచున్నారు. గర్వింపదగినదే. కాని వారు పుట త్రిప్పరు. పిల్లలు అర్థమెరుగక కావ్యభాషలోని పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని అదే కాంబెల్ వ్రాసినాడు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే! క్రమము చక్కగా నడచినది. ఎవరికొరకు, దేనికొరకు అను ప్రశ్న మాత్రము ఆ బడిలో పుట్టలేదు. పశువులను తోలివచ్చి ఆలస్యమైన బాలునికిని, నిద్రపోయి ఆలస్యమైనవానికిని దెబ్బల లెక్క ఒక్కటే గదా.

అయినను ఆ బడిలో మేము మెచ్చునది ఒకటి కలదు. అది దెబ్బయు కాదు, వల్లెయు కాదు. ప్రతి బాలునికిని తనకన్న ఒక్క మెట్టు పైనున్న బాలుడు తోడుండెను. నాలుగు నెలలు మానినవాడును తాను విడిచిన చోటనే కూర్చుండవచ్చును.

ఈ మాట ఆలూరు, ఆదోని ప్రాంతములలో చెప్పుటకు కారణమున్నది. వానలు తప్పిన యేట కుటుంబములు పిల్లలతో గూడ గుంటూరు వైపు మిరపకోతలకు పోవుచున్నవి. వారికై సీజనల్ హాస్టళ్లు నడిపిన మాట నిజమే. అందరు పిల్లలును వానిలో నిలువరు. ఇంట కన్నడమాడి బడిలో తెలుగు చదువు పిల్లలును ఇచ్చట కలరు. దినమునకొక పుటగా కుట్టిన ప్రణాళిక, నిన్న వచ్చిన బాలుడే నేడును వచ్చినాడని యెంచుకొనును. కోతలు ముగిసి తిరిగి వచ్చిన బాలిక తరగతితోపాటు అరువదవ పుట తెరచును. ఆమె విడిచినది ఇరువదవ పుట. ఉపాధ్యాయుడు ప్రణాళికను అక్షరము తప్పక నడిపెనా అని పరీక్షించు అధికారి, ఆ బాలికను ఏ పుటనుండి చదివించుచున్నారని అడిగినచో, ఆమెకొరకు నలువది పుటలు వెనుకకు పోయిన ఉపాధ్యాయునికి తప్పు వ్రాయకుండ వచ్చును.